పాఠం రికార్డు చేసుకోవడానికి సార్ ఒప్పుకున్నారు, షరతులతో

ముప్పై దాటాక లాసెట్ రాసి తిరుపతిలో మూడేళ్ళ ఎల్ఎల్‌బీలో చేరాను. ఇంట్లో ఎవరూ వద్దనలేదు, అలాగని ఎగిరి గంతేయనూ లేదు. "పుత్తూరు నుంచి రోజూ పోయి రాగలవా?" అని మా అత్తయ్య ఒక్క మాట అడిగింది. రాగలను అన్నాను. రాకపోకల్లో పెద్ద కష్టమేమీ లేదు, పెరటాసి నెల (తమిళుల పురటాసి, సెప్టెంబరు-అక్టోబరు) తప్ప. ఆ నెలలో తమిళనాడు వైపు నుంచి వచ్చే బస్సులన్నీ తిరుమల కొండకు పోయే జనంతో కిక్కిరిసి వస్తాయి. పుత్తూరులో ఆపినా కాలు పెట్టే చోటుండదు. మొదటి పీరియడ్ మొదలయ్యాక, తలుపు దగ్గర నిలబడి "మే ఐ కమిన్ సార్" అనడం నాకు మామూలైపోయింది.

అసలు కష్టం క్లాసులో. నా డిగ్రీ తెలుగు మీడియం. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మా మ్యాచింగ్ సెంటర్లో జాకెట్ ముక్కలు, లైనింగు గుడ్డ, ఫాల్సు కొలుస్తూ గడిచిపోయింది. రాసే అలవాటు పూర్తిగా పోయింది. కాంట్రాక్ట్స్ (ఒప్పందాల చట్టం) చెప్పే సార్ కోర్టులో ప్రాక్టీసు చేస్తారు. నల్లకోటు చేతి మీద వేసుకుని నేరుగా కోర్టు నుంచే వస్తారు, కుర్చీలో కూర్చోరు, నోట్సు చెప్పరు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో ఓ లాటిన్ మాట. ఒక వాక్యం నేను రాసుకునేలోగా ఆయన మూడో కేసులో ఉంటారు. పక్కన కూర్చునే శ్రీకాళహస్తి తమ్ముడు (నన్ను మొదటి రోజు నుంచీ అక్కా అనే పిలుస్తాడు) ఫోను బల్ల కింద పెట్టి రికార్డు చేస్తున్నాడని తర్వాత తెలిసింది. వెనక బెంచీల్లో ఇంకొందరు కూడా అంతేనట. ఒక్కరూ అడిగి చేయడం లేదు.

చాటుగా చేయడానికి నాకు మనసొప్పలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. కొట్లో కూర్చునేదాన్ని, అవతలివాళ్ళకు తెలియకుండా ఏ పని చేసినా అది నా మొహంలోనే కనబడిపోతుంది. క్లాసయ్యాక వరండాలో సార్‌ను ఆపి, పాఠం రికార్డు చేసుకోవచ్చా అని అడిగాను.

"ఎందుకమ్మా?" అన్నారు.

"మీ వేగం అందుకోలేకపోతున్నాను సార్. ఇంటికి పోయి ఇంకోసారి వింటాను."

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, ఇది ఆఫర్. నేను షరతులు చెప్తాను, అంటే అది కౌంటర్ ఆఫర్" అని నవ్వారు. ఆయన పద్ధతే అంత, దేన్నయినా పాఠంలోకి లాగుతారు. షరతులు ఇవీ: రికార్డింగు నా చదువుకే వాడుకోవాలి. ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు, గ్రూపులో పెట్టకూడదు. ఆయన ఆపమన్నప్పుడు మారు మాట్లాడకుండా ఆపేయాలి. రిజల్ట్స్ వచ్చాక మొత్తం తీసేయాలి. అన్నిటికీ తల ఊపాను.

"మరి నాకేంటమ్మా కన్సిడరేషన్? ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదని పోయిన వారమే చెప్పాను, సెక్షన్ 25."

ఏం చెప్పాలో తోచలేదు. ఆయనే చెప్పారు: ప్రతి సోమవారం క్లాసు మొదట్లో, పోయిన వారం పాఠం ఐదు నిమిషాల్లో నేను అందరి ముందూ చెప్పాలి. కాగితం చూడకుండా. గుండె దడదడలాడింది గానీ ఒప్పుకున్నాను. రికార్డింగు వల్ల నాకు కలిగిన మేలులో సగం ఈ షరతు పుణ్యమే. అది ముందుముందు చెప్తాను.

చట్టం సంగతి కూడా ఆయన అక్కడే రెండు ముక్కల్లో చెప్పారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో ఉపన్యాసాన్ని కూడా నిర్వచించారు, టీచరు చెప్పిన పాఠాన్ని ఎవరికి వారు తమ సొత్తు అనుకోవడానికి వీల్లేదు. అయితే సెక్షన్ 52లో సొంత వాడకానికి, పరిశోధనకు ఫెయిర్ డీలింగ్ (న్యాయమైన వాడకం) కింద మినహాయింపు ఉంది. "నీ చెవిలో ఉన్నంతవరకు నాకు అభ్యంతరం లేదు. యూట్యూబులోకి పోయిందంటే అప్పుడు మాట్లాడదాం" అన్నారు. ఫోను తేవాలా వద్దా అనేది మళ్ళీ కాలేజీ రూలు, దానికీ దీనికీ సంబంధం లేదు. మా దగ్గర ఫోను తేవచ్చు, మోగకూడదు.

ఇక రికార్డు చేయడం. దీంట్లో చెప్పుకోవడానికి ఏముందిలే అనుకుంటాం గానీ, ఉంది. మొదట మూడో బెంచీలో నా ముందే పెట్టాను. ఇంటికి వచ్చి వింటే సార్ గొంతు ఎక్కడో బావిలోంచి వస్తోంది, దాని మీద ఫ్యాను చప్పుడు. మా క్లాసు ఫ్యాన్లు పాతవి, కిర్రుమంటాయి. తిరుపతి ఎండలకు ఫ్యాను ఆపమంటే క్లాసు మొత్తం నా మీద పడుతుంది. ఫోనుకు, మాట్లాడే మనిషికి మధ్య దూరం రెట్టింపయితే గొంతు బాగా పలచబడిపోతుంది, ఫ్యాను మాత్రం నెత్తి మీదే ఉంటుంది. అందుకని మొదటి బెంచీకి మారాను, సార్ టేబులు వైపు చివర. ఫోను కింద చేతిరుమాలు మడిచి పెడితే బెంచీ మీద ఎవరు మోచెయ్యి కొట్టినా ఆ దడ్ శబ్దం రాదు. ఫ్లైట్ మోడ్ తప్పనిసరి. ఒకసారి మా ఆయన "ఆకుపచ్చ లైనింగు ఏ ర్యాకులో ఉంది?" అని ఫోను చేస్తే రికార్డింగు అక్కడితో ఆగిపోయింది, పాఠంలో మిగతా భాగం పోయింది.

ఇంకోటి, ఫోన్లో రికార్డర్ సెట్టింగు చూసుకోవాలి. నాది అత్యధిక క్వాలిటీలో, వేవ్ ఫైలుగా ఉండింది. అలా చేస్తే నిమిషానికి దాదాపు 10 ఎంబీ, గంటకు 600. పెళ్ళి వీడియోలతోనే నిండిపోయిన ఫోన్లో చోటెక్కడిది? మామూలు క్వాలిటీకి మారిస్తే గంట పాఠం 60 ఎంబీ లోపే సరిపోయింది. మాట వినడానికి అది చాలు, పాట కచేరీ కాదు కదా.

కొన్ని వారాలు గడిచేసరికి ఫోల్డరు నిండింది. విన్నది మాత్రం కొంచెమే. గంట పాఠం వినాలంటే గంట కావాలి, ఆ గంట నాకు ఎక్కడుంది? బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే వడమాలపేట దాటకముందే నిద్ర. కొట్లో పెట్టుకుంటే, "సెక్షన్ టూ డీ" అని సార్ అనేసరికి ఎవరో ఒకామె చీర పరిచి దీనికి మ్యాచింగ్ చూపించమంటుంది. వేగం పెంచి వింటే గంట పాఠం నలభై నిమిషాల్లో అయిపోతుందని కాళహస్తి తమ్ముడు చెప్పాడు. లెక్క సరే. కానీ మా సార్ అసలే వేగం, ఆ వేగాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తే సెక్షన్ నంబర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. వినని ఫైళ్ళు ఫోన్లో అలా పేరుకుపోయాయి, కుట్టించకుండా బీరువాలో దాచిన జాకెట్ ముక్కల్లాగా. ఉన్నాయనే ధైర్యం తప్ప ఒంటి మీదికి వచ్చింది లేదు.

ఆ ధైర్యం మంచిది కాదని నాకు క్లాసులోనే అర్థమైంది. రికార్డవుతోంది కదా అని చెయ్యి నెమ్మదిస్తుంది. చెవి కూడా. కాళహస్తి తమ్ముడైతే పెన్ను మూతే తీసేవాడు కాదు.

దీనికి దారి చూపింది సోమవారం షరతు. ఐదు నిమిషాల్లో వారం పాఠం చెప్పాలంటే మొత్తం వింటూ కూర్చోవడం కుదరని పని. ఏది తెలియదో అది మాత్రమే వినాలి. అది ఎక్కడుందో వెతకడానికి ముందుకు వెనక్కు జరుపుతూ పోతే ఇంకో గంట. కాబట్టి క్లాసులో రాసుకునేటప్పుడే మార్జిన్లో గడియారం టైము వేయడం మొదలుపెట్టాను. పేజీ పైన రికార్డింగు మొదలైన టైము, ఉదాహరణకు 10:05. సార్ చెప్పింది అందకపోతే అక్కడ ఖాళీ వదిలి, మార్జిన్లో 10:32 అని వేసి ఓ ప్రశ్న గుర్తు. ఇంటికి వచ్చాక 27వ నిమిషానికి పోతే సరిగ్గా ఆ మాట దొరుకుతుంది. అంతే. గంట పాఠంలో ఇలాంటి గుర్తులు ఐదో ఆరో ఉంటాయి, వాటి చుట్టూ రెండేసి నిమిషాలు వింటే చాలు. రాత్రి కొట్టు మూసి లెక్కలు చూసుకున్నాక ఇంకో పావుగంట కూర్చుంటే ఆ రోజు పాఠం పూర్తయ్యేది.

ఒక ఉదాహరణ చెప్తాను. కన్సిడరేషన్ పాఠంలో చిన్నయ్య వర్సెస్ రామయ్య అని ఒక కేసుంది, మద్రాసు హైకోర్టుది. ఒక తల్లి తన ఆస్తిని కూతురికి రాసిచ్చి, తన తోబుట్టువుకు ఏటా కొంత డబ్బు ఇవ్వమని చెప్తుంది. కూతురు సరేనని విడిగా ఒప్పందం రాసిస్తుంది, తర్వాత ఇవ్వడం మానేస్తుంది. నువ్వు నాకేమీ ఇవ్వలేదు కదా, మన మధ్య ప్రతిఫలం ఎక్కడిది అని ఆమె వాదన. సార్ ఈ కేసును నారాయణవనంలో ఏదో ఇంట్లో జరిగినట్టే చెప్పారు, క్లాసంతా నోళ్ళు తెరుచుకుని విన్నాం. కథ నాకు బాగా గుర్తుంది. తీర్పుకు కారణమేంటో మాత్రం నోట్సులో ఖాళీ, పక్కన టైము. రాత్రి విన్నాను. మన చట్టంలో ప్రతిఫలం "ప్రామిసీ (మాట పుచ్చుకున్న మనిషి) గానీ, ఇంకెవరైనా గానీ" ఇవ్వవచ్చని ఉంది, ఇక్కడ తల్లి ఇచ్చిన ఆస్తే ఆ ప్రతిఫలం, కాబట్టి కూతురు డబ్బు కట్టాల్సిందే. ఆ ఒక్క వాక్యం కోసం రెండు నిమిషాలు పట్టింది. కథతో కలిపి విన్నాను కాబట్టి ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంకోసారి నోట్సులు కలిపి చూసుకుంటుంటే మొహరీ బీబీ కేసు దగ్గర పేచీ వచ్చింది. మైనరుతో ఒప్పందం మొదటినుంచే చెల్లదని ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన చివరి అప్పీలు కోర్టు) చెప్పిన కేసు. తమ్ముడి నోట్సులో 1930, నా దాంట్లో ఏడాది దగ్గర ప్రశ్న గుర్తు. రికార్డింగులో సార్ స్పష్టంగా "నైన్టీన్ నాట్ త్రీ" అన్నారు. 1903. పుస్తకంలో చూసినా దొరికేదే, కాదనను. కానీ బస్సెక్కాల్సిన టైములో పుస్తకం ఎవరు తీస్తారు?

మా ఆడబిడ్డ బీఎడ్ చేసి స్కూల్లో పని చేస్తోంది. నా పద్ధతి చూసి, "వినకముందు గుర్తున్నది రాయి వదినా, ఆ తర్వాత విను" అంది. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త గీసిన విస్మృతి రేఖ (మరుపు ఎలా సాగుతుందో చూపేది) వాళ్ళ సైకాలజీ పేపర్లో ఉంటుంది, 1885 నాటిది: నేర్చుకున్న దాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లో, మొదటి రోజులోనే జారిపోతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. అంచేత ఆదివారం తీరిగ్గా విందామంటే అప్పటికి సగం పోయి ఉంటుంది, ఆ రాత్రే కూర్చోవాలి. ఇంకో సంగతి కూడా చెప్పింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల మీద పరీక్ష చేసి చూశారట. చదివిందే మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత బాగా రాశారు, చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్ళు వారం తర్వాత బాగా రాశారు. మా సార్ ఇవన్నీ చదివి ఆ సోమవారం షరతు పెట్టలేదనుకుంటాను. కోర్టులో కాగితం చూడకుండా వాదించడం ఆయనకు అలవాటు, అంతే.

ఇక ఫోను బల్ల మీదికి వచ్చాక క్లాసు మారిన సంగతి. దీన్ని నేను ముందు ఊహించలేదు. సార్ పాఠానికి ప్రాణమే ఆయన చెప్పే కోర్టు కబుర్లు. ఫలానా కేసులో చిట్టీల ఆయన ఎలా మోసపోయాడు, పొలం అగ్రిమెంటులో ఒక్క గీత తప్పు పడి ఏమైంది, ఇలాంటివి. రికార్డింగు మొదలయ్యాక అవి తగ్గాయి. పుస్తకం అప్పజెప్పినట్టు చెప్తున్నారు. ఓ రోజు పీలేరు అమ్మాయి నేరుగానే అడిగేసింది: "అక్కా, నీ ఫోను వచ్చినప్పటి నుంచి సార్ కథలు చెప్పడం మానేసినారు, తెలుసా?" ఆ అమ్మాయి ఇంకోటి కూడా చెప్పింది. తన ఇంగ్లీషు బాగుండదని, అడ్డదిడ్డంగా అడిగిన ప్రశ్న నా ఫోన్లో పడుతుందేమోనని డౌట్లు అడగడం మానేసిందట.

నాకు చాలా ఇబ్బందనిపించింది. సార్ అనుమతి తీసుకున్నాను, పక్కన కూర్చున్న నలభైమంది గొంతులు కూడా అందులో పడుతున్నాయి కదా, వాళ్ళనెవరు అడిగారు? క్లాసు అంటే మాట్లాడేది ఒక్కరు కాదు. సార్ దగ్గరికి పోయి సంగతి చెప్తే, ఆయన కూడా ఒప్పుకున్నారు. క్లయింట్ల విషయాలు పేర్లు లేకుండా చెప్పినా, ఊరు, వీధి తెలిస్తే మనిషెవరో పోల్చుకునేవాళ్ళుంటారు, అవి ఫోన్లో నిలవుండటం వకీలుగా తనకు ఇష్టం లేదన్నారు. చివరికి ఇలా తేలింది: నలభై నిమిషాలు పాఠం, రికార్డింగు. ఆపైన "ఆపమ్మా" అంటారు, నేను ఆపి ఫోను బ్యాగులో వేసేస్తాను. మిగిలిన టైమంతా డౌట్లు, కథలు. పీలేరు అమ్మాయి మళ్ళీ నోరు విప్పింది, మూట్ కోర్టులో (విద్యార్థులు వాదించే నమూనా కోర్టు) మా అందరికన్నా బాగా వాదించింది కూడా.

అన్ని సబ్జెక్టులకూ ఇది పనికిరాదు. ఒక మేడమ్ నోట్సు డిక్టేట్ చేస్తారు, కామాలతో సహా. దాన్ని రికార్డు చేయడం దండగ, చెయ్యి నొప్పెట్టేలా రాసుకోవడమే. సెక్షన్లు వరసగా చదువుకుపోయే పేపరుకు బేర్ యాక్ట్ (వ్యాఖ్యలు లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకం) చాలు. వాదన, ఉదాహరణ, ఎందుకు అనే ప్రశ్న ఉన్నచోటే వినడం వల్ల లాభం. ఇంకో క్లాసులో ఒక మేడమ్ కోప్పడిన మాటల్ని ఎవరో చాటుగా రికార్డు చేసి, ముందూ వెనకా కత్తిరించి గ్రూపులో వేశారు. అప్పటి నుంచి ఆమె క్లాసులో ఫోన్లన్నీ టేబులు మీద పెట్టాల్సిందే. ఆమెను తప్పుపట్టలేను.

ఒక్కరి విషయంలో మాత్రం ఈ తర్జనభర్జన ఏదీ పనికిరాదు. మా క్లాసులో చూపు బాగా తక్కువున్న అబ్బాయి ఉన్నాడు. అతనికి రికార్డింగే నోట్సు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16 ప్రకారం అతని అవసరానికి తగిన వెసులుబాటు కాలేజీ కల్పించాలి. అతను ఎవరి కౌంటర్ ఆఫర్లకూ తల ఊపనక్కర్లేదు. నాలాంటివాళ్ళు అడిగేది సౌకర్యం, అతను అడిగేది హక్కు. ఆ తేడా సారే క్లాసులో చెప్పారు. అతను వినే వేగం చూస్తే మతి పోతుంది, రెండు రెట్ల వేగంలో పెట్టి అక్షరం వదలకుండా అప్పజెప్తాడు.

మాటను అక్షరాల్లోకి మార్చే యాప్‌లు కూడా చూశాం. తెలుగు, ఇంగ్లీషు కలగలిపిన మా సార్ మాట దాని తలకెక్కలేదు. "ప్రామిసర్" అన్నచోటల్లా "ప్రామిస్ సార్" అని రాసింది. మాట ఇచ్చినవాడెవడు, పుచ్చుకున్నవాడెవడు అన్నదే కాంట్రాక్టులో ప్రాణం. దాన్ని నమ్ముకుని పరీక్షకు పోతే అంతే సంగతులు. ఇంగ్లీషులోనే చెప్పే సార్లకైతే బాగానే పని చేస్తుందని మిగతావాళ్ళు అంటారు.

పరీక్షలు అయ్యాయి. కాంట్రాక్ట్స్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి. కాళహస్తి తమ్ముడికి ఆ ఒక్క పేపరు పోయింది. "నీ ఫైళ్ళు పంపించక్కా, నావన్నీ ఫ్యాను చప్పుడే" అన్నాడు. పంపకూడదు, మాట ఇచ్చాను. రిజల్ట్స్ వచ్చాయి కాబట్టి అసలైతే ఆ పాటికి తీసేయాలి కూడా. ఇద్దరం కలిసి సార్‌నే అడిగాం. "పంపొద్దు. పక్కన కూర్చుని వినండి. సప్లిమెంటరీ అయ్యేవరకు గడువు పొడిగిస్తున్నాను, ఇది కాంట్రాక్టులో మార్పు, సెక్షన్ 62" అన్నారు.

అలా అతను ఆదివారాలు పుత్తూరు వచ్చాడు. కొట్టు వెనక గుడ్డల తానుల మధ్య స్టూలు వేశాను. ఫైళ్ళు మొత్తం పెట్టలేదు, నా నోట్సు ముందు పెట్టి మార్జిన్లో టైములున్న చోట్లే వినమన్నాను. మొదట విసుక్కున్నాడు. తర్వాత తన నోట్సులో తనే ఖాళీలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు, పెన్ను మూత తీసి. మధ్యలో మా అత్తయ్య టీ తెచ్చి ఇచ్చి, లాల్మన్ శుక్లా కేసు విని, తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతికి తెచ్చిన పనివాడికి బహుమతి సంగతి ముందు తెలియదని డబ్బు ఇవ్వనక్కర్లేదా, ఇదేం న్యాయం అని మా ఇద్దరితో వాదనకు దిగింది. ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

తమ్ముడు పాసయ్యాడు. ఆ ఫోల్డరు సార్ ఎదురుగానే తీసేశాను. ఈ సెమిస్టర్లో సాక్ష్య చట్టం ఉంది, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్. ఫోన్లో ఉన్న రికార్డింగు కోర్టులో సాక్ష్యంగా నిలవాలంటే ఏ సర్టిఫికెట్ కావాలో చెప్పే సెక్షన్ 63 కూడా అందులోనే ఉంది. చెప్పేది వేరే మేడమ్. ఆమెను ఇంకా అడగలేదు. అడిగే ముందు ఈసారి క్లాసువాళ్ళందరితో మాట్లాడాలి.